మోరీ నుంచి మత్తడి దాకా: చిన్న పట్టణంలో ఎస్టీపీని నడిపే పద్ధతి

తెలంగాణ పీఠభూమి మీద ఊళ్లు చాలావరకు గొలుసుకట్టు చెరువుల వెంటే ఎదిగాయి. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది, అదీ నిండితే నీళ్లు వాగులో కలుస్తాయి. ఊరు పట్టణమయ్యాక ఆ దారిలోకే మోరీల నీళ్లూ వచ్చి చేరాయి. అందుకే ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఎలా నడుస్తోందో ఔట్‌లెట్ దగ్గర సీసాలో పట్టిన నీళ్లు సగమే చెబుతాయి. మిగతా సగం ఎగువన మోరీల్లో, దిగువన చెరువులో చూడాలి.

ఇక్కడ రాసిన అంకెలన్నీ 20 వేల జనాభా ఉండి, ఓపెన్ మోరీల నీటిని అడ్డగించి పైపులో మళ్లించి, ఎక్స్‌టెండెడ్ ఏరేషన్ (మురుగులోకి ఎక్కువసేపు గాలి ఊది సూక్ష్మజీవులను పెంచే) పద్ధతిలో శుద్ధి చేసే పట్టణానివి. మీ జనాభాను బట్టి హెచ్చించుకోండి, తగ్గించుకోండి.

మూల లెక్క ఇది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీటి సరఫరా, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది. 20,000 మందికి 21.6 లక్షల లీటర్లు, అంటే 2.16 ఎంఎల్‌డీ (రోజుకు పది లక్షల లీటర్లు ఒక ఎంఎల్‌డీ). మనిషికి రోజుకు 27 గ్రాముల బీఓడీ (మురుగును తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) చొప్పున మొత్తం 540 కిలోలు. లీటరుకు 250 మిల్లీగ్రాములు. డిజైన్ కాగితం మీద ఇలాగే ఉంటుంది. ప్లాంటుకు వచ్చేది మాత్రం వేరుగా ఉంటుంది. కొన్ని ఇళ్ల నీళ్లు సెప్టిక్ ట్యాంకులోనే ఇంకుతాయి, కొన్ని వీధులు అసలు కలవవు, ఎక్కడో ఒక బోరు నీరు రాత్రంతా మోరీలోకి కారుతూనే ఉంటుంది.

ముందు మోరీల వెంట నడవాలి

వేసవిలో, వాన పడని వారంలో, ఉదయం 6 నుంచి 9 మధ్య నడవండి. చిన్న పట్టణంలో మురుగు ఎక్కువగా వచ్చేది అప్పుడే. 20 వేల లోపు జనాభాకు ఆ వేళ ప్రవాహం సగటుకు 3 రెట్ల దాకా వెళ్తుందని లెక్క వేస్తారు. మళ్లీ తెల్లవారుజామున 3 గంటలకు అదే దారిలో ఒకసారి వెళ్లండి. ఆ వేళ కూడా నీళ్లు జోరుగా, తేటగా వస్తుంటే అది మురుగు కాదు. పగిలిన తాగునీటి పైపో, ఊటనీరో అయి ఉంటుంది. దాన్ని మళ్లించకపోతే శుభ్రమైన నీటిని కరెంటు ఖర్చు పెట్టి మళ్లీ శుద్ధి చేస్తున్నట్టే.

వార్డు మ్యాపు మీద ఒక్కో మోరీ ఎక్కడ ఎందులో కలుస్తుందో గీయండి. మాంసం మార్కెట్, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, మెకానిక్ షెడ్లు, ఆసుపత్రులను విడిగా గుర్తు పెట్టండి. ఫంక్షన్ హాలు నూనె ఒక్క రాత్రిలో సంపు (మురుగు చేరే గుంత) పైన తెట్టు కట్టేస్తుంది. ముహూర్తాల రోజుల్లో సంపు తెట్టు తీసే మనిషిని ముందే పెట్టుకోవాలి. హోటల్ వెనక గ్రీజు ట్రాపు కట్టించి, వారానికోసారి ఖాళీ చేయిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకర్ల సంగతి మరీ ముఖ్యం. 4 వేల లీటర్ల ట్యాంకరులో బీఓడీ లీటరుకు 5,000 మి.గ్రా. అనుకుందాం. అది 20 కిలోలు, దాదాపు 740 మంది ఒక రోజు మురుగుకు సమానం. మీ ప్లాంటుకు గంటకు సగటున వచ్చేదే 22.5 కిలోలు. ట్యాంకరు పది నిమిషాల్లో మోరీలో గుమ్మరించిందంటే ఏరేషన్ ట్యాంకులో ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ట్యాంకర్లను తరిమేస్తే పని జరగదు, వాళ్లు నేరుగా చెరువు శిఖంలో వదిలేస్తారు. ప్లాంటు ఆవరణలోనే జాలీ ఉన్న ఒక హోల్డింగ్ ట్యాంకు కట్టి, అక్కడ దింపించుకుని, రాత్రి 11 తర్వాత చిన్న పంపుతో మెల్లగా ఇన్‌లెట్‌లోకి కలపండి. ఆ వేళ ప్లాంటు మీద భారం తక్కువ.

నీళ్లెన్ని వస్తున్నాయి

ఫ్లోమీటరు చెడిపోయిందని అంకెలు ఊహించి రాయొద్దు. ఇన్‌లెట్ కాలువలో 90 డిగ్రీల వి-నాచ్ (పై అంచున వి ఆకారంలో కోసిన) రేకు ఒకటి బిగిస్తే స్కేలుతోనే కొలవొచ్చు. నాచ్ అడుగు మొన నుంచి నీటిమట్టం 10 సెం.మీ. ఎత్తుంటే సెకనుకు 4.4 లీటర్లు, 15 సెం.మీ.కు 12, 20 సెం.మీ.కు 24.7, 25 సెం.మీ.కు 43, 30 సెం.మీ.కు 68 లీటర్లు. 20 సెం.మీ. దగ్గర రోజంతా నిలిస్తే 2.13 ఎంఎల్‌డీ, అంటే మీ డిజైన్ సగటు.

స్కేలును నాచ్ దగ్గర పెట్టకూడదు. నీరు అక్కడ కిందికి వంగుతుంది కాబట్టి అంకె తక్కువ చూపిస్తుంది. నీటి ఎత్తుకు 3, 4 రెట్ల దూరం ఎగువన పెట్టాలి. రేకు అంచుకు పట్టిన పాచిని రోజూ గీకాలి. దిగువన నీళ్లు రేకును ముంచేస్తే ఈ లెక్క పనికిరాదు. గంటకోసారి చొప్పున 24 అంకెలు నెలకు ఒక్క రోజు తీసినా ప్లాంటు నాడి దొరుకుతుంది.

జాలీ, ఇసుక

ముతక జాలీకి ముందు, వెనక నీటి ఎత్తులో తేడా 15 సెం.మీ. చేరకముందే చెత్త లాగేయాలి. షాంపూ ప్యాకెట్లు, శానిటరీ ప్యాడ్లు, వెంట్రుకల ముద్దలు ఇక్కడ తప్పించుకుంటే పంపు ఇంపెల్లరుకు (లోపల తిరిగే రెక్కలకు) చుట్టుకుంటాయి. పంపు ఆంపియర్లు పెరిగి తోడే నీళ్లు తగ్గాయంటే ముందు ఇదే చూడండి.

ఓపెన్ మోరీల పట్టణంలో ఇసుక, మట్టి లెక్కకు మించి వస్తాయి. గ్రిట్ చాంబరులో (ఇసుక దిగే తొట్టిలో) నీటి వేగం సెకనుకు 0.3 మీటరు దగ్గర ఉండాలి. అది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మీటరేమీ అక్కర్లేదు. తీసిన ఇసుకను బకెట్లో వేసి ఒకసారి కడగండి. రేణువులు విడివిడిగా, పెద్దగా వాసన లేకుండా ఉంటే వేగం సరిపోయింది. నల్లగా, జిగురుగా, కుళ్లు వాసనతో ఉంటే వేగం తక్కువై ఇసుకతో పాటు మలినమూ దిగుతోంది. చాంబరులో ఇసుక అసలే దొరక్కపోతే అది ముందుకు వెళ్లి ఏరేషన్ ట్యాంకు అడుగున డిఫ్యూజర్లను (గాలి బుడగలు వదిలే పరికరాలను) పూడుస్తోందని అర్థం.

అరగంట పరీక్ష

శుద్ధి చేసేది ఏరేషన్ ట్యాంకులోని సూక్ష్మజీవుల బురద. దాని ఆరోగ్యం తెలియడానికి లీటరు కొలజాడీ చాలు. రెండు లీటర్ల వెడల్పు జాడీ దొరికితే ఇంకా మంచిది, సన్నటి జాడీలో బురద గోడను పట్టుకుని ఆగుతుంది.

ట్యాంకులో గాలి బాగా ఆడుతున్న చోట నీళ్లు తీసి, వెంటనే జాడీలో పోసి, కదలని నీడ బల్ల మీద పెట్టండి. మొదటి 5 నిమిషాలు కళ్లు తిప్పొద్దు. మంచి బురద ముందు చిన్న చిన్న పూసల్లా కూడుతుంది, తర్వాత ఒక్క దుప్పటిలా కిందికి జరుగుతుంది, పైన తేట గీత తెగుతుంది. 30 నిమిషాల దగ్గర బురద లీటరుకు ఎన్ని మిల్లీలీటర్ల మీద ఆగిందో రాసుకోండి. దాన్ని 1,000తో గుణించి ఎంఎల్‌ఎస్‌ఎస్‌తో (లీటరు ట్యాంకు నీటిలో ఎన్ని మి.గ్రా. బురద ఉందో ఆ అంకెతో) భాగిస్తే ఎస్‌వీఐ (బురద ఎంత బాగా దిగుతుందో చెప్పే సూచి) వస్తుంది. 350 మి.లీ., ఎంఎల్‌ఎస్‌ఎస్ 3,500 అయితే ఎస్‌వీఐ 100. 80 నుంచి 150 మధ్య ఉంటే నిశ్చింత.

బురద 800 దగ్గరే ఆగిపోయిందనుకోండి. కారణాలు రెండు: బురద మరీ ఎక్కువై దిగడానికి చోటు లేకపోవడం, లేదా దారాల్లాంటి బ్యాక్టీరియా పెరిగి బురద ఉబ్బడం. తేల్చుకోవడానికి సగం ట్యాంకు నీరు, సగం ఔట్‌లెట్ తేట నీరు కలిపి ఇంకో జాడీ పెట్టండి. పలచన చేసినది చకచకా దిగితే బురద ఎక్కువైంది, తీసేయాలి. అదీ మొండికేస్తే దారాల సమస్య. ఆక్సిజన్ చాలకపోవడం, కుళ్లిన సెప్టిక్ నీరు రావడం, నూనె ఎక్కువ కావడం దీనికి మామూలు కారణాలు. అలాంటప్పుడు బురద తీసే కొద్దీ రోగం అలాగే ఉంటుంది, పనిచేసే జీవులు మాత్రం తగ్గిపోతాయి. ఈ రెండూ తేల్చుకోకుండా బురద తీసే వాల్వు తిప్పడమే చాలా ప్లాంట్లలో జరిగే తప్పు.

జాడీని అలాగే రెండు గంటలు ఉంచండి. దిగిన బురద ముద్దలుగా పైకి తేలితే నైట్రేటు నుంచి నత్రజని వాయువు పుడుతోందని అర్థం. క్లారిఫయరులోనూ (ఏరేషన్ తర్వాత బురద దిగి నీరు తేటపడే ట్యాంకులోనూ) అదే జరిగి, తేలిన బురద ఔట్‌లెట్ మీదుగా చెరువుకు పోతుంది. రిటర్న్ పంపు (దిగిన బురదను మళ్లీ ఏరేషన్ ట్యాంకులోకి పంపేది) వేగం పెంచి, క్లారిఫయరు అడుగున బురద నిలవకుండా చూడాలి.

ట్యాంకు నీరు లేత గోధుమ రంగులో, తడి మట్టి వాసనతో ఉండాలి. నలుపు తిరిగి కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి చాలడం లేదు. కరిగిన ఆక్సిజన్‌ను ట్యాంకు నాలుగు మూలలా కొలవండి, 1.5 నుంచి 2 మి.గ్రా. ఉంటే చాలు. నురుగు తెల్లగా, తేలిగ్గా ఉంటే బురద లేతది. ముదురు గోధుమ రంగులో జిడ్డుగా మందంగా పేరుకుంటే బురద ముదిరింది. ఒకచోట నీరు కుతకుత ఉడుకుతున్నట్టు పైకి లేస్తుంటే అక్కడ డిఫ్యూజర్ పొర చిరిగింది. నాలుగున్నర మీటర్ల లోతు ట్యాంకులో బ్లోయర్ (గాలి ఊదే యంత్రం) ప్రెజర్ 0.5 బార్ చుట్టుపక్కల ఉండాలి. నెలనెలా కొంచెం కొంచెం పెరుగుతుంటే డిఫ్యూజర్లు పూడుకుపోతున్నాయి.

బురద తీయడం

ప్లాంట్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. కట్టేటప్పుడూ దీని మీదే అందరికీ చిన్నచూపు.

2,000 ఘనపు మీటర్ల ట్యాంకులో లీటరుకు 3,500 మి.గ్రా. చొప్పున బురద మొత్తం 7,000 కిలోలు. బురద వయసు 20 రోజులు ఉంచాలంటే రోజుకు 350 కిలోలు బయటికి తీయాలి. రిటర్న్ లైనులో బురద చిక్కదనం లీటరుకు 8 గ్రాములైతే అది 44 ఘనపు మీటర్లు. దీన్ని నేరుగా ఆరబెట్టే మళ్లలో 25 సెం.మీ. మందాన పోస్తే రోజుకు 176 చదరపు మీటర్ల మడి కావాలి. పది రోజుల్లో ఆరుతుందనుకున్నా 1,760 చదరపు మీటర్లు. అంత చోటు ఎవరి దగ్గరా ఉండదు. అదే బురదను థిక్‌నరులో 3 శాతానికి చిక్కబరిస్తే రోజుకు 12 ఘనపు మీటర్లకు దిగుతుంది, పది రోజులకు 470 చదరపు మీటర్ల మడి సరిపోతుంది.

వానాకాలంలో మళ్లు ఆరవు. ఆరవు కాబట్టి ఆపరేటరు బురద తీయడం ఆపేస్తాడు. ఎంఎల్‌ఎస్‌ఎస్ 5,000 దాటుతుంది, 6,000 దాటుతుంది, క్లారిఫయరులో బురద మట్టం అంగుళం అంగుళం లేస్తుంది. తర్వాత ఒక గట్టి వాన పడిన రాత్రి మొత్తం కొట్టుకుపోతుంది. మర్నాడు ఔట్‌లెట్ నీళ్లు మళ్లీ తేటగానే కనిపిస్తాయి, చెరువు అడుగున మాత్రం టన్నుల బురద చేరింది. ప్లాంటు రికార్డులో ఆ రాత్రి ఎక్కడా ఉండదు. జూన్‌కు ముందే మళ్ల మీద పక్కలు తెరిచిన పారదర్శక రేకుల కప్పు వేయించండి, లేదా చిన్న ఫిల్టర్ ప్రెస్ పెట్టించండి. క్లారిఫయరులో బురద మట్టాన్ని పొడవాటి పారదర్శక గొట్టం దించి రోజూ చూడండి. నీటి లోతులో మూడో వంతు దాటనివ్వొద్దు.

ఆరిన బురదలో నులిపురుగుల గుడ్లు బతికే ఉంటాయి. 55 డిగ్రీల వేడి నిలిచేలా చెత్తతో కలిపి కంపోస్టు చేశాకే పొలానికి ఇవ్వాలి. ఆకుకూరలకు, పచ్చిగా తినే కూరగాయలకు వద్దు.

క్లోరిన్, చేపలు

లీటరుకు 5 మి.గ్రా. మోతాదుకు రోజుకు 10.8 కిలోల క్లోరిన్ కావాలి. 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరైతే 43 కిలోలు. పాత బస్తాలో బలం పడిపోతుంది, కాబట్టి తూకం చూసి కాదు, అరగంట తర్వాత మిగిలిన క్లోరిన్ చూసి మోతాదు సరిచేయాలి. 0.5 మి.గ్రా. మిగిలితే చాలు. కాంటాక్టు ట్యాంకు (క్లోరిన్ కలిపిన నీరు అరగంట ఆగే తొట్టి) కనీసం 45 ఘనపు మీటర్లు ఉండాలి. ఎంత పౌడరు వేసినా క్లోరిన్ మిగలడం లేదంటే నైట్రైటు కొలవండి. ఒక మి.గ్రా. నైట్రైటు నత్రజని 5 మి.గ్రా. క్లోరిన్‌ను మింగేస్తుంది. అమ్మోనియా నైట్రేటు దాకా వెళ్లకుండా మధ్యలో ఆగిపోతోందని దాని అర్థం.

మిగిలిన క్లోరిన్‌తో నీళ్లు నేరుగా చెరువులో కలిస్తే కలిసే చోట చేప పిల్లలు చస్తాయి. 1 మి.గ్రా. క్లోరిన్‌కు సుమారు 1.8 మి.గ్రా. సోడియం సల్ఫైటు కలిపి తీసేయండి.

చెరువులో ఏం చూడాలి

2017 అక్టోబరు కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మహానగరాలు కాని చోట బీఓడీ 30 మి.గ్రా. లోపు ఉంటే చాలు. 2019 ఏప్రిల్ 30 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశం బీఓడీ 10, మొత్తం నత్రజని 10, భాస్వరం 1 మి.గ్రా. అంటుంది. మీకు వర్తించేది కాలుష్య నియంత్రణ మండలి మీ ప్లాంటుకు ఇచ్చిన సమ్మతి పత్రంలో రాసి ఉన్న అంకె. అయితే చెరువుకు బీఓడీ కంటే అమ్మోనియా, భాస్వరమే ముఖ్యం.

కారణం ఇదీ. భాస్వరం తగలగానే చెరువు పచ్చబడుతుంది. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడును లాగేసుకోవడంతో మధ్యాహ్నానికి నీటి పీహెచ్ 9 దాటుతుంది. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 9 దగ్గర 45 శాతం దాకా ఉంటుంది. బీఓడీ 10కి తెచ్చినా అమ్మోనియా 8 మి.గ్రా. వదిలితే పచ్చటి చెరువులో చేపలు పోతాయి. రాత్రి అదే నాచు ఆక్సిజన్ తాగుతుంది. అందుకే చెరువులో ఆక్సిజన్‌ను మధ్యాహ్నం కొలిస్తే మోసపోతారు. తెల్లవారుజామున 5 గంటలకు కొలవండి. 4 మి.గ్రా. కంటే తగ్గితే మత్స్య సహకార సంఘానికి చెప్పండి.

అమ్మోనియా తగ్గడానికి ఆక్సిజన్ ఒక్కటే చాలదు, క్షారత (నీటికి ఆమ్లాన్ని తట్టుకునే గుణం) కూడా కావాలి. ఒక మి.గ్రా. అమ్మోనియా నత్రజనికి 7.14 మి.గ్రా. క్షారత ఖర్చవుతుంది, 35 మి.గ్రా.కు 250. బోరు నీరు వాడినప్పుడు లేని ఇబ్బంది నది నీటి సరఫరా వచ్చాక మొదలవ్వొచ్చు, నది నీటిలో క్షారత సాధారణంగా తక్కువ. ఔట్‌లెట్‌లో 60, 80 మి.గ్రా. క్షారత మిగలకపోతే సున్నం కలపాలి. భాస్వరానికి పటిక వేసేవాళ్లు ఇదీ లెక్కలోకి తీసుకోవాలి. 3 మి.గ్రా. భాస్వరం తీయడానికి లీటరుకు 50 మి.గ్రా. పటిక, అంటే రోజుకు 108 కిలోలు పడుతుంది. అది ఇంకో 25 మి.గ్రా. క్షారతను తినేస్తుంది.

నమూనాలు అయిదు చోట్ల తీయండి: ప్లాంటు ఇన్‌లెట్, ఔట్‌లెట్, ఔట్‌లెట్ కలవని ఎగువ కాలువ, చెరువు తూము, మత్తడి దిగువన వాగు. ఎగువ కాలువ నమూనా లేకపోతే చెడు ఎటునుంచి వచ్చిందో ఎప్పటికీ తేలదు. సీసాలు ఐసుపెట్టెలో పెట్టి ఆ రోజే ల్యాబుకు చేర్చాలి. రిపోర్టులో బీఓడీ 27 డిగ్రీల వద్ద 3 రోజులదో, 20 డిగ్రీల వద్ద 5 రోజులదో రాసి ఉందో చూడండి.

కట్ట కింద ఆయకట్టు బోర్లలో ఆరు నెలలకోసారి నైట్రేటు చూడాలి. తాగునీటికి హద్దు 45 మి.గ్రా. నత్రజనిగా 10 మి.గ్రా. అంటే నైట్రేటుగా 44 అవుతుంది. ట్రిబ్యునల్ అంకెను అందుకున్న నీరు కూడా తాగునీటి హద్దు అంచున ఉన్నట్టే. వీలున్న చోట వేసవిలో ఈ నీటిని పశుగ్రాసానికి మళ్లిస్తే చెరువుకూ బోర్లకూ మేలు. గుర్రపుడెక్క నీటిలోని నత్రజనిని లాగుతుందన్నది నిజమే, కోసి బయటికి తీస్తేనే. అక్కడే కుళ్లనిస్తే అంతా తిరిగి నీటిలోకే వస్తుంది.

వాన, కరెంటు

మృగశిర కార్తెకు ముందే మోరీల పూడిక తీయించి, ఆ రోజే ఎత్తించండి. గట్టున వదిలిన పూడిక తొలకరికి మళ్లీ మోరీలోకే జారుతుంది. తొలి వానలకు చెరువులో చేపలు చావడానికి ఎక్కువగా కారణం ఆ కుళ్లిన పూడికే. వాన మొదలైన మొదటి అరగంట నీళ్లు అన్నిటికంటే మురికి, పంపు సామర్థ్యం మేరకు వాటిని లోపలికి తీసుకోండి. ఆ తర్వాత ఎక్కువైనది అడ్డుకట్ట మీదుగా పోనివ్వండి. పంపులన్నీ ఆన్ చేసి ప్లాంటును ముంచితే ట్యాంకులోని బురద చెరువు పాలవుతుంది.

కరెంటు పోయినప్పుడు జనరేటరు చిన్నదైతే ముందు రిటర్న్ పంపు, తర్వాత ఒక బ్లోయర్ నడపండి. నాలుగైదు గంటల తర్వాత కరెంటు వస్తే మొదట బ్లోయర్లు వేసి గంట ఆగి, అప్పుడు ఇన్‌లెట్ తెరవండి.

సంపు ఎంత పూడినా మనిషిని దించొద్దు. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (పాకీ పని) నిషేధ చట్టం రక్షణ పరికరాలు లేకుండా దించడాన్ని నేరమంటుంది. హైడ్రోజన్ సల్ఫైడు 100 పీపీఎం దగ్గర ముక్కుకు వాసనే తెలియకుండా చేస్తుంది, కాబట్టి వాసన లేదన్నది భరోసా కాదు. జెట్టింగ్ మెషీనుతో, ట్యాంకరుతో పైనుంచే తోడించాలి. తప్పనిసరై దిగాల్సి వస్తే గ్యాస్ మీటరులో ఆక్సిజన్ 19.5 శాతం పైన, హైడ్రోజన్ సల్ఫైడు 10 పీపీఎం లోపు ఉండాలి. బ్లోయరుతో గాలి ఆడుతూ ఉండాలి. దిగే మనిషికి హార్నెస్, పైన ట్రైపాడ్, తాడు పట్టుకుని ఇద్దరు ఉండాలి. ఒకరు కిందపడితే రెండోవారు దూకకుండా ఆపడం ఆ ఇద్దరి మొదటి పని.

ప్లాంటును బైపాస్ చేయక తప్పని రోజున వాల్వు తిప్పకముందే మత్స్య సంఘానికీ, తూము చూసే నీరటికీ ఫోన్ చేయండి. మొదలెట్టిన గంట, ఆపిన గంట, వి-నాచ్ ఎత్తు రిజిస్టరులో రాయండి. మర్నాటి నుంచి మూడు రోజులు తెల్లవారుజామున తూము దగ్గర ఆక్సిజన్, అమ్మోనియా కొలిచి, అదే పేజీలో ఆ అంకెలు వేయండి.